సంగు ఊదితే కంప్యూటరుకు ఏమి తెలుసు?

మా అక్క కొడుకు ఫోన్లో ఒక ఆప్ చూపించినాడు. తెలుగులో మాట్లాడితే ఇంగ్లీషులో రాస్తుందట. మా అవ్వ దగ్గర పెడితే, తాతను ఇన్నేళ్ళు నిద్ర లేపిన మాటే చెప్పింది: "సంగు ఊదేసినారు, లెయ్యి." ఎవరో శంఖం ఊదుతున్నారని ఇంగ్లీషులో వచ్చింది. పిల్లలు నవ్వినారు. అవ్వ నవ్వలేదు. బి అండ్ సి మిల్లు 1996లో మూతపడినా, ఆ కూత ఆమె చెవిలో ఇంకా ఉంది.

ఆ ఫోను తప్పు చేసిందని కాదు. అది చదివిన చోట సంగు అంటే గుడి శంఖమే. మిల్లు సైరను అని ఎవరూ రాయలేదు.

కంప్యూటరుకు చదువు చెప్పడం ఎట్లాగో అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళు 2010 జనవరిలో ఒక ప్రయత్నం మొదలుపెట్టినారు. (ఉక్కు మిల్లుల డబ్బుతో కార్నెగీ పెట్టిన బడి అది.) టామ్ మిచెల్ అనే ప్రొఫెసరు బృందం తయారుచేసిన ఆ ప్రోగ్రాం పేరు నెల్. షిఫ్టు లేదు, సెలవు లేదు, రాత్రీ పగలూ ఇంటర్నెట్టు చదవడమే పనిగా ఉండేది. ముందు కొన్ని ఊళ్ళ పేర్లు చెప్పినారు. 'ఫలానా ఊరి రైల్వే స్టేషను' లాంటి వరస ఎక్కడ కనబడినా, ఆ ఫలానాది కూడా ఊరే అయి ఉండాలని అదే ఊహించేది. పదిచోట్ల కనబడితే నమ్మకం పెరిగేది.

అదీ పప్పులో కాలేసింది. వెబ్‌సైట్లు మన ఫోన్లో దాచే చిన్న ఫైళ్ళను కుకీలంటారు. నెల్ వాటిని బేకరీ బిస్కెట్ల లెక్కలో వేసింది. ఆ తర్వాత ఫైళ్ళన్నీ తినేవే అనుకునింది! మనుషులు కూర్చుని దిద్దాల్సి వచ్చింది.

మన ఊళ్ళోనూ ఈ పని జరుగుతోంది. ఐఐటీ మద్రాసులో ఏఐ4భారత్ బృందం ఇంటర్నెట్టులోని వార్తలూ వ్యాసాలూ పోగుచేసి, భారతీయ భాషలను కంప్యూటరుకు నేర్పుతోంది. 2022లో నందన్, రోహిణి నీలేకని ఇచ్చిన 36 కోట్లతో అక్కడ ఒక కేంద్రమే తెరిచినారు. రాసిన తెలుగు చాలదని, 22 భాషల్లో మామూలు జనం మాటలు కూడా రికార్డు చేస్తున్నారు. నాకు నచ్చింది ఈ పనే. మన పెరంబూరు, వ్యాసర్పాడి తెలుగు పేపర్లలో రాదు. మన పిల్లలు అరవంలో చదువుతారు, తెలుగు నోటితోనే ఉంది. రాయని మాట కంప్యూటరుకు లేనట్టే.

మన పత్రిక కూడా కాగితం మీదే కదా, దాని కంట పడదు. తెలుగు విక్షనరీ అని ఇంటర్నెట్టులో ఒక నిఘంటువు ఉంది, ఎవరైనా మాటలు చేర్చవచ్చు, డబ్బు అక్కర్లేదు. అవ్వ చెబుతా ఉంటే మా వాడు నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. మీ ఇంట్లో మిల్లు మాటలు తెలిసిన పెద్దవాళ్ళుంటే రాసి పంపండి, వాటినీ కలిపి ఎక్కిస్తాం.

అవ్వ మాత్రం ఒకటి అడిగింది: "దానికి పని నేర్పితే కూలి ఎంతిస్తారు?" ఏమి చెప్పాలో మా వాడికి తెలియలేదు.