“హూ హేట్ యు?” అంటే తిట్టు కాదు!

మా వారి ఉద్యోగరీత్యా 2016లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ వెళ్లాం. ‘అక్కడ చాలామందికి ఇంగ్లిష్ వచ్చులే’ అన్నదే నా ధైర్యం. మొదటి వారంలోనే పక్కింటి పెద్దావిడ నవ్వుతూ “హూ హేట్ యు?” అన్నారు. ‘నిన్నెవరు ద్వేషిస్తారు?’ అన్నట్టు వినిపించి తెల్లబోయాను. తీరా ఆవిడ అడిగింది “మీ పేరేమిటి?” అని!

డచ్ ప్రశ్నలతో వచ్చే చిక్కే ఇది. ‘హూ’ అంటే ఎవరు కాదు, ఎలా. ‘వీ’ అంటే ఎవరు. ‘వార్’ అంటే యుద్ధం కాదు, ఎక్కడ. ‘వాట్’ ఒక్కటే మనల్ని మోసం చెయ్యదు, ఏమిటనే అర్థం. దుకాణంలో “విల్ట్ యు ద బొన్?” అంటే రసీదు కావాలా అని. అర్థం కాకపోయినా అన్నిటికీ ‘యా’ అని తలూపేసేదాన్ని.

ఆ తలూపుడే ఓరోజు కొంప ముంచింది. పాపకి జ్వరం. డాక్టరుగారి దగ్గరికి ఫోన్ చేస్తే “హాల్ఫ్ డ్రీ”కి రమ్మన్నారు. డ్రీ అంటే మూడని తెలుసు. ఇంకేం, ‘హాఫ్ పాస్ట్ త్రీ’ అనుకుని మూడున్నరకి వెళ్లాను. మాకిచ్చిన టైము రెండున్నరకే అయిపోయిందట! డచ్‌లో ‘హాల్ఫ్ డ్రీ’ అంటే మూడుకి అరగంట తక్కువ. ఒళ్లు కాలిపోతున్న పిల్లని ఒళ్లో పెట్టుకుని, మిగతా వాళ్లందరూ వెళ్లేదాకా కూర్చున్నాను. ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడే ఓ నోట్‌బుక్ కొన్నాను. పక్కింటావిడే పంతులమ్మ. విడి మాటకి ఇంగ్లిష్ అర్థం రాసుకోవడం మానేసి, ప్రశ్న మొత్తం రాసి, ఎవరు, ఎక్కడ, ఎందుకు అడుగుతారో పక్కన రాసుకున్నాను. “హూ ఖాట్ హెట్?” – ఎలా ఉన్నారు? “హూ లాట్ ఇస్ హెట్?” – టైమెంతయింది? “వార్ కోమ్ట్ యు వాన్‌డాన్?” – మీదే ఊరు? మనకి మీరు, నువ్వు ఉన్నట్టే వాళ్లకీ ‘యు’, ‘యె’ ఉన్నాయి. పెద్దవాళ్లని ‘యు’ అంటే మర్యాద.

మీలో ఎవరైనా, మీ అమ్మాయో కోడలో అక్కడికి వెళ్తుంటే ముందుగా ఈ ఒక్క ప్రశ్న నేర్చుకోండి: “వాట్ బెటేకెంట్ డాట్?” – అంటే ఏమిటండీ? ఆ రోజు ఫోన్లో సిగ్గుపడకుండా ఈ మాట అడిగుంటే, మా పాపకి ఆ గంట తిప్పలు తప్పేవి.