జొన్న పండేది ఇత్తిన నాడే

ఒక గట్టుకు అటొక చేను, ఇటొక చేను. రెండిట్ల అదే నల్లరేగడి, అదే జొన్న ఇత్తనం, పడ్డ వాన గూడ అదే. కోతల నాటికి ఒక చేనుల కంకులు బరువుకు వంగి ఉంటయి. పక్క చేనుల సొప్ప మాత్రం నిలబడ్డది, కంకి నిండలేదు. "యూరియా తక్కువైనట్టుంది" అంటరు చూసినోళ్లు. చానాసార్లు తేడా యూరియాల ఉండదు. ఇత్తిన నాడు ఉంటది.

2023ను ప్రపంచమంత చిరుధాన్యాల ఏడాదిగ జరుపుకున్నది. పట్నంల జొన్నరొట్టెకు గిరాకి వెరిగింది. ఇది చూసి ఊళ్లల్ల మన ఈడు పిల్లలు కొందరు మళ్ల జొన్న దిక్కు మళ్లుతున్నరు. మంచిదే. కని పత్తికి, మక్కకు అలవాటు వడ్డ చేతులకు జొన్న ఇత్తుడు కొత్తగయింది. తాత గొర్రు వట్టి సాలు వోసిన ముచ్చట ఇంట్ల ఎవరికీ యాదిలేదు. అందుకే చానామంది దున్ని, పిడికిళ్లతోటి చల్లి, పైకెల్లి గుంటుక కొట్టి చేతులు దులుపుకుంటున్నరు. మందు తర్వాతనన్న ఎయ్యొచ్చు, బాయి ఉంటె తడి తర్వాతనన్న పెట్టొచ్చు. ఇత్తే పని మాత్రం ఒక్కసారే. అండ్ల తప్పు జరిగితె పంట కాలమంత అదే తప్పు మోయాలె.

అదును తప్పితె ఈగ పాలు

వానకాలం జొన్నను జూన్ల మంచి వాన వడి, భూమి జానెడు లోతు తడిసినంక ఇత్తుకోవాలె. జూలై సగం దాటనియ్యొద్దు. ఎందుకంటె జొన్నకు మొవ్వు ఈగ అని ఒక శత్రువు ఉన్నది. ఆకు అడుగున తెల్లటి గుడ్డు వెడ్తది. పురుగు వొడిచి, మొవ్వులకు దిగి, పెరిగే మొనను కోసేస్తది. నడిమి ఆకు ఎండిపోయి, గుంజితె చేతికొస్తది. ఈగ దెబ్బ మొలకెత్తిన మొదటి నెలలనే ఎక్కువ. వానలు ముదిరినకొద్ది ఈగల మంద పెరుగుతది. ముందుగల్ల ఇత్తిన పైరు అప్పటికే గట్టివడి తప్పించుకుంటది. ఎనకవడ్డ పైరు లేత మొవ్వుతోటి ఈగకు ఎదురువడ్తది.

యాసంగి లెక్క వేరే. నారాయణఖేడ్, జహీరాబాద్, ఆదిలాబాద్ దిక్కు నల్లరేగళ్లల్ల యాసంగి జొన్న చానావరకు భూమిల మిగిలిన తడి మీదనే పండుతది. ఉత్తర, హస్త, చిత్త కార్తెలు, అంటె సెప్టెంబర్ రెండో సగం నుంచి అక్టోబర్ దాకా దానికి అదును. ఆ తడి గోలెంల నీళ్ల లెక్క. మళ్ల నింపెటోడు లేడు. లేటైనకొద్ది పైపొర ఆరి మొలక పలుసనయితది. సరింగ గింజ పాలు వోసుకునే యాళ్లకు గోలెం ఖాళీ అయితది. కంకి వస్తది, గింజ మాత్రం నొక్కులు వోతది.

ఎక్కువ చల్లితె ఎక్కువ పండదు

ఎకరానికి 4 కిలోల ఇత్తనం చాలు. సాలుకు సాలుకు మూరెడు, అంటె 45 సెంటీమీటర్లు. సాలుల మొక్కకు మొక్కకు 12 నుంచి 15 సెంటీమీటర్లు. గీ లెక్కన ఎకరానికి 60 వేల నుంచి 75 వేల మొక్కలు వడ్తయి. ఇప్పుడు ఇత్తనం లెక్క చూడుర్రి. వెయ్యి గింజలు దగ్గెర దగ్గెర 30 గ్రాములు తూగుతయి. అంటె 4 కిలోలల్ల లక్షా 30 వేల గింజలు ఉంటయి. కావల్సిన మొక్కలకు ఇది రెండంతలకు దగ్గెర. మొలవనియి, ఈగ తినేటియి, పిట్ట ఎత్తుకపోయేటియి అన్ని పోను సరిపోతది. "ఎందుకన్న మంచిది" అని 8 కిలోలు చల్లినోడు రెండున్నర లక్షల గింజలు భూమిల వోసినట్టు. అవి ఒకదానికొకటి ఎరువుకు, ఎండకు, తడికి కొట్లాడుకుంటయి. సన్న సొప్ప, చిన్న కంకి.

ఇంట్ల దాసిన ఇత్తనమయితె ముందుగల్ల పరీక్ష చేసుకోర్రి. 100 గింజలు తడి గోనెసంచిల చుట్టి, ఆరనియ్యకుంట నాలుగైదు రోజులు పెట్టి లెక్కవెట్టుర్రి. 75 కంటె తక్కువ మొలిస్తె ఆ ఇత్తనాన్ని నమ్ముకోవద్దు. పైస ఖర్చు లేని పని ఇది. ఇత్తనశుద్ధికి ఏ మందు, ఎంత అన్నది మీ ఏఈవోను అడుగుర్రి. మందు పట్టించిన గింజను తిండికి, కోళ్లకు మళ్లించొద్దు.

సాలు ఎందుకు, లోతు ఎందుకు

చల్లిన చేనుల కొన్ని గింజలు పైన్నే ఉండి పిట్టల పాలయితయి, కొన్ని అడుగుకు వోయి మొలక బయటికి రాకుంటయి. గొర్రుతోటి గని, ట్రాక్టర్ సీడ్ డ్రిల్లుతోటి గని సాలు వోస్తె గింజ రెండు మూడు వేళ్ల లోతుల, ఒక్క తీరుగ వడ్తది. మొలక ఒక్కసారి వస్తది, కంకి ఒక్కసారి పండుతది. అన్నిటికంటె పెద్ద లాభం, సాళ్ల నడుమ గుంటుక తోలొచ్చు. మొదటి నెల రోజులు కలుపును ఆపితె మిగిలింది జొన్ననే చూసుకుంటది. చల్లిన చేనుల గుంటుక నడువది, కూలోళ్లను పెట్టాలె. ఆ కూలి పైసలల్లనే లాభం కరిగిపోతది. భూమి వాలుగ ఉంటె సాళ్లు వాలుకు అడ్డంగ పడాలె. ప్రతి సాలు ఒక చిన్న కట్ట లెక్క నీళ్లను ఆపుతది. వానకాలం రెండు సాళ్ల జొన్నకు ఒక సాలు కంది వెడ్తె ఒక పంట పోయినా ఇంకోటి నిలవడ్తది.

మొలిచిన 10, 15 రోజులకు ఒత్తు మొక్కలు తీసెయ్యాలె. మొవ్వు ఎండినయి ముందు పీకుర్రి. ఆ పీకిన లేత జొన్నను గడ్డే కదా అని పశువులకు ఎయ్యొద్దు. లేత జొన్నల విషం ఉంటది. నాము మేసి బర్రె సచ్చిందన్న మాట మన పెద్దోళ్ల నోట ఊరికెనే రాలేదు.

ఊరంత ఒక్కసారి

ఇగ అసలు ముచ్చట. పైన చెప్పినయన్ని ఒక్కడు చేసుకునేటియి. ఒక్కనితోటి కానిది ఒకటున్నది. వందెకరాల పత్తి నడుమ ఒక్క ఎకరం జొన్న ఏస్తె ఊళ్లె పిట్టలన్ని ఆ ఎకరం మీదనే వాల్తయి. ఒకడు జూన్ల, ఇంకోడు జూలైల, మరొకడు ఆగస్టుల ఇత్తితె ముందు చేనుల పెరిగిన ఈగ ఎనక చేనుకు దిగుతది. పక్కపక్క చేన్లోళ్లు వారం పది రోజుల్ల అందరు ఇత్తితె పిట్ట, ఈగ అందరికి పంచుకవోతయి, ఎవ్వలికీ పెద్ద దెబ్బ తాకది. "జొన్న ఏస్తె పిట్టలు తిన్నయి" అని ఒక్కసారికే ఇడిసిపెట్టినోళ్లు చానామంది ఉన్నరు. వాళ్ల తప్పు జొన్న ఎయ్యుడు కాదు, ఒక్కళ్లే ఎయ్యుడు.

ఊరూరికి పిల్లల వాట్సాప్ గ్రూపులున్నయి. మిరుగం రాకముందే అండ్ల ఒక్క మాట ఎయ్యిర్రి: ఎవలెవలు జొన్న ఏస్తున్నరు, ఏ దినం ఇత్తుదాం, సీడ్ డ్రిల్లు ఎవల దగ్గెర ఉన్నది? ఇంట్ల తాత ఉంటె ఆయనను చేను కాడికి తోలుకవోర్రి. ఇత్తనం ఎంత లోతుల వడాల్నో ఆయన వేలు వెట్టి చూపిస్తడు.