గ్రెన్‌ఫెల్‌లో తప్పు ఎవరిది?

పెద్ద అగ్నిప్రమాదం జరిగిన మర్నాడు మన పత్రికల్లో ఏం వస్తుందో చూడకుండానే చెప్పొచ్చు. ఎక్స్‌గ్రేషియా ప్రకటన, విచారణకు ఆదేశం, బిల్డింగ్ యజమానిపై కేసు. నెల తిరిగేసరికి ఆ ఊసే ఉండదు. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ విషయంలో అలా జరగలేదు. 72 మందిని బలిగొన్న ఆ ప్రమాదంపై బ్రిటన్ ఏడేళ్లపాటు బహిరంగ విచారణ జరిపింది. ఎవరు ఏ ఈమెయిల్‌లో ఏం రాశారో కూడా బయటపెట్టింది. అయినా 2024 సెప్టెంబరులో తుది నివేదిక వచ్చేనాటికి, ఆ చావులకు కారకులని ఒక్కరిమీద కూడా క్రిమినల్ అభియోగం నమోదు కాలేదు. అన్నీ తెలిసినా ఎవరూ బోనెక్కకపోవడం ఎలా సాధ్యం? అది అర్థం కావాలంటే ముందు ఆ టవర్ బయటి గోడ సంగతి చూడాలి.

2017 జూన్ 14, రాత్రి ఒంటిగంట కావస్తోంది. నార్త్ కెన్సింగ్టన్‌లోని ఆ 24 అంతస్తుల టవర్‌లో, నాలుగో అంతస్తు ఫ్లాట్ వంటగదిలో ఫ్రిజ్ దగ్గర మంట లేచింది. ఫైరింజన్ నిమిషాల్లోనే వచ్చింది. కానీ సిబ్బంది వంటగదిలోకి వెళ్లేలోపే నిప్పు కిటికీ పక్కనుంచి బయటి గోడకు పాకింది. అక్కణ్ణుంచి అరగంట లోపే పైకప్పు దాకా ఎక్కేసింది. ఫోన్లు చేసినవాళ్లకు మాత్రం ‘ఇంట్లోనే ఉండండి’ అన్న సమాధానమే వచ్చింది. ఆ సలహా వెనక ఒక లెక్క ఉంది. ఇలాంటి భవనాల్లో ఒక్కో ఫ్లాటూ ఒక కాంక్రీటు గది. ఒకచోట అంటుకున్న మంట పక్క ఫ్లాట్‌కు పోవడానికి గంట పడుతుంది, ఆలోగా ఆర్పేయవచ్చు, ఉన్న ఒక్క మెట్లదారినీ జనం కిక్కిరిసి మూసేయకూడదు. బయటి గోడే మండుతున్నప్పుడు ఈ లెక్క పనికిరాదు. అధికారులు సలహా మార్చేసరికి 2:47 అయింది.

మరి కాంక్రీటు టవర్ అలా ఎలా మండింది? 1974లో కట్టిన ఆ భవనానికి 2016లో ముగిసిన మరమ్మతుల్లో కొత్త తొడుగు వేశారు. చలి ఆపడానికి ఒకటి, చూపుకి బాగుండడానికి ఒకటి. ఆ తొడుగులో బయటికి కనిపించే పలక మందం నాలుగు మిల్లీమీటర్లు. అటూ ఇటూ అర మిల్లీమీటరు అల్యూమినియం రేకు, నడుమ మూడు మిల్లీమీటర్ల పాలిథిలిన్. క్యారీబ్యాగులు చేసే ప్లాస్టిక్ అన్నమాట. వేడి తగిలితే కరుగుతుంది, కారుతూనే మండుతుంది. మొదట అనుకున్నది జింకు పలకలు. దాదాపు 2.93 లక్షల పౌండ్లు మిగులుతాయని వీటికి మారారు. పలకల వెనక గాలి ఆడే సందు, ఆ సందు వెనక మండే స్వభావమున్న నురగ ఇన్సులేషన్. అంతా కలిసి గోడ పొడవునా పొగగొట్టమైంది.

ఇక్కడ ఒక చిన్న వివరం చూడాలి. ఈ పలకను రివెట్లు కొట్టి బిగించొచ్చు, లేదా అంచులు మడిచి పెట్టెలా చేసి తగిలించొచ్చు. రెండోదాన్ని క్యాసెట్ అంటారు. క్యాసెట్ రూపంలో పలక మరీ ఘోరంగా మండుతుందని తయారీ సంస్థ ఆర్కోనిక్‌కు 2005 నాటికే సొంత పరీక్షల్లో తెలిసింది. మార్కెట్‌కు మాత్రం చెప్పలేదు. గ్రెన్‌ఫెల్‌కు వేసినవి క్యాసెట్లే. ఇన్సులేషన్ అమ్మిన సెలోటెక్స్ కథ ఇంకోటి. 2014లో మంట పరీక్షకు పెట్టిన నమూనా గోడలో మంటను ఆపే మెగ్నీషియం ఆక్సైడ్ బోర్డులు ఇరికించి, పాసయ్యాక ఆ సంగతి ప్రచారపత్రాల్లో రాయలేదు. ఈ వ్యవహారాన్ని విచారణ నివేదిక క్రమబద్ధమైన మోసంగానే తేల్చింది. ప్రమాదానికి తమను బాధ్యులను చేయడాన్ని ఆ సంస్థలు ఒప్పుకోవడం లేదు.

మోసం ఒక పాలైతే, ఎవరికీ పట్టకపోవడం మూడు పాళ్లు. ఫైర్ కన్సల్టెంట్ ఎక్సోవా 2013లో ఇచ్చిన నివేదికలో, కొత్త పనుల వల్ల బయటి గోడపై మంట వ్యాపించే విషయంలో చెడు ప్రభావం ఉండదని భావిస్తున్నామని, తర్వాతి నివేదికలో నిర్ధారిస్తామని రాశారు. ఆ తర్వాతి నివేదిక రాలేదు. ఏమైందని గట్టిగా అడిగినవాళ్లూ లేరు. ఆర్కిటెక్ట్ సంస్థ స్టూడియో ఈ, ఆ సంగతి నిపుణులు చూసుకుంటారనుకుంది. ప్రధాన కాంట్రాక్టర్ రైడన్, తొడుగు పని తీసుకున్న హార్లీ చూసుకుంటుందనుకుంది. హార్లీయేమో పైవాళ్లు, కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్ విభాగం చూసుకుంటారనుకుంది. ఆ విభాగం, ఇంతమంది నిపుణులున్నారు కదా అనుకుంది. పరీక్షిస్తున్నామని అందరూ సంతకాలు చేశారు, పరీక్షించినవాళ్లు లేరు.

జనానికి ఇదంతా తెలిసేసరికి ఏళ్లు పట్టింది. వాళ్ల కోపం అంతదాకా ఆగుతుందా? మొదట కనిపించినవాళ్ల మీద పడింది. అప్పటి ప్రధాని థెరిసా మే మర్నాడు ఘటనాస్థలికి వచ్చి ఫైర్‌మెన్‌తో మాట్లాడి, ఇళ్లు కోల్పోయినవాళ్లను కలవకుండా వెళ్లిపోయారు. ఆ మచ్చ ఆమెను చివరిదాకా వదల్లేదు. జూన్ 16న జనం స్థానిక కౌన్సిల్ కార్యాలయమైన కెన్సింగ్టన్ టౌన్ హాల్‌లోకి చొచ్చుకుపోయారు. దేశంలోనే సంపన్నమైన కౌన్సిళ్లలో ఒకటి అది. బాధితులకు దుప్పట్లూ భోజనాలూ అందించడంలో మాత్రం చర్చిలు, మసీదులు, వాలంటీర్లు దానికంటే ముందున్నారు. రెండు వారాలకు కౌన్సిల్ సమావేశం పెట్టి, జనాన్నీ విలేకరులనూ రానివ్వకూడదనుకున్నారు. విలేకరులు కోర్టు ఉత్తర్వుతో లోపలికి వస్తే సమావేశాన్నే ఆపేశారు. మర్నాడు కౌన్సిల్ నాయకుడు రాజీనామా చేశారు.

మృతుల సంఖ్యపైనా అనుమానాలు రేగాయి. తొలిరోజు 12 అన్నారు, తర్వాత 80 దాకా పోయింది, నవంబరులో 71 అన్నారు, చివరికి 72 దగ్గర ఆగింది. దాస్తున్నారని చాలామంది నమ్మారు. ఎముకల ఆనవాళ్లతో గుర్తించాల్సి రావడం అసలు కారణం. లేని బంధువులను ఉన్నట్టు చెప్పి సాయం కాజేయాలని చూసిన మోసగాళ్లు మరో కారణం. గ్రెన్‌ఫెల్ పేరుతో ముందుగా జైలుకెళ్లింది ఇలాంటివాళ్లే. బాధితుల నిధి నుంచి దాదాపు 60 వేల పౌండ్లు మింగిన కౌన్సిల్ ఉద్యోగినికీ శిక్ష పడింది. పలకలు అమ్మినవాళ్లపై మాత్రం తుది నివేదిక వచ్చేనాటికి కూడా అభియోగాలు లేవు.

విచారణ వరసలోనూ ఒక తిరకాసు ఉంది. విచారణ నడిపిన రిటైర్డ్ జడ్జి మార్టిన్ మూర్ బిక్ పనిని రెండు భాగాలు చేశారు. ఆ రాత్రి ఏం జరిగిందన్నది మొదటిది, అంతకుముందు ఏళ్లలో ఏం జరిగిందన్నది రెండోది. మొదటి నివేదిక 2019 అక్టోబరులో వచ్చింది. అందులో ప్రధానంగా దొరికిపోయింది ఫైర్ బ్రిగేడ్. జనాన్ని ముందే ఖాళీ చేయిస్తే కొందరైనా బతికేవారని రాశారు. ఆ ఏడాది చివరికి లండన్ ఫైర్ కమిషనర్ పదవి వదులుకున్నారు. తయారీదారులు, మంత్రిత్వశాఖ వంతు మరో ఐదేళ్లకు వచ్చింది. బ్రిగేడ్ తప్పులు నిజమే కావచ్చు. కానీ నిప్పులోకి పరుగెత్తినవాళ్లు ముందు, నిప్పును గోడకు తొడిగినవాళ్లు తర్వాత బదులు చెప్పడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ప్రభుత్వానికి తెలియక జరిగిందా అంటే అదీ కాదు. 2009లో దక్షిణ లండన్‌లోని లాకనాల్ హౌస్ మంటల్లో ఆరుగురు చనిపోయారు. భవన నిర్మాణ నిబంధనల్లో అగ్నిభద్రత భాగాన్ని సమీక్షించాలని, ఆ మరణాలపై విచారణ జరిపిన అధికారి (కరోనర్) 2013లో మంత్రికి రాశారు. సమీక్ష నాలుగేళ్లు నానింది. లాకనాల్ కేసులో శిక్షగా స్థానిక కౌన్సిల్‌కు 2.7 లక్షల పౌండ్ల జరిమానా పడింది, 2017 ఫిబ్రవరిలో. మరో నాలుగు నెలలకు గ్రెన్‌ఫెల్ అంటుకుంది.

బాధితులు ప్రతినెలా 14న మౌనంగా నడిచారు. ఆ పట్టుదల లేకపోతే ఈ ఫైలు ఎప్పుడో అటకెక్కేది. 2018లో ఎత్తయిన నివాస భవనాలపై మండే తొడుగుల నిషేధం, 2022లో భవన భద్రత చట్టం వచ్చాయి. ఇంకా వందల భవనాలకు అలాంటి తొడుగులున్నట్టు తేలింది. లండన్‌లో ఫ్లాట్ కొన్న తెలుగువాళ్లకు ఈడబ్ల్యూఎస్‌1 ఫారం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. గోడ సురక్షితమన్న ఆ కాగితం లేక అప్పు పుట్టక, అమ్ముడుపోక ఏళ్లు నలిగినవాళ్లెందరో.

ఇక క్రిమినల్ కేసు. బహిరంగ విచారణ ముగిశాకే అభియోగాల సంగతి తేలుస్తామని పోలీసులు అన్నారు. పైగా విచారణలో నోరు విప్పించడానికి, సాక్షులు చెప్పింది వారిపైనే క్రిమినల్ కేసులో వాడబోమని అటార్నీ జనరల్ హామీ ఇచ్చారు. నిజం రాబట్టడానికి అది పనికొచ్చింది, శిక్ష వేయడానికి సాక్ష్యం మళ్లీ వేరుగా కూడగట్టుకోవాలి. 19 సంస్థలు, 58 మంది వ్యక్తులు దర్యాప్తులో ఉన్నారని, ప్రాసిక్యూటర్ల నిర్ణయానికి 2026 చివరి దాకా పట్టవచ్చని, కోర్టు విచారణ 2027కు ముందు మొదలు కాదని 2024లో పోలీసులు చెప్పారు. నేరం రుజువైనా ఒక మెలిక మిగిలే ఉంటుంది. 2007 నాటి కార్పొరేట్ నరహత్య చట్టం కింద కంపెనీకి జరిమానా వేయొచ్చు కానీ, ఆ చట్టంతో ఏ డైరెక్టరునూ జైలుకు పంపలేరు. ఆ చావులకు ఒక మనిషిని బాధ్యుణ్ణి చేయాలంటే, ఫలానా వ్యక్తి ఘోర నిర్లక్ష్యమే ప్రాణాలు తీసిందని విడిగా నిరూపించాలి. ప్రతి సంతకం వెనకా మరో సంతకం ఉన్న ఫైలులో ప్రాసిక్యూటర్లు వెతుకుతున్నది ఆ వ్యక్తినే.