తెల్ల కాగితం మీద పత్తి

పగిలిన పత్తికాయ ఒకటి ఏడో తరగతి పిల్లల ముందు పెట్టి గీయమనండి. చాలామంది మబ్బులాంటి ఆకారం ఒకటి చుట్టి, కింద కాడ తగిలించి, ‘అయిపోయింది సార్’ అంటారు. గీత చుట్టూ ఉంది, లోపలంతా ఖాళీ. రోజూ చేలో చూసే పత్తి తమ బొమ్మలోకి రాలేదని వాళ్లకూ తెలుస్తూనే ఉంటుంది. కాగితమూ తెలుపే, పత్తీ తెలుపే. మరెలా గీయాలి?

బొమ్మల శిబిరం కోసం బడికి వచ్చిన చిత్రకారుడు ఇక్కడ చెప్పే మాట చాలా చిన్నది. పత్తిని గీయొద్దంటాడు. వెనకున్న ఆకుల నీడను, ఎండి విచ్చుకున్న కాయ తొక్కను, పింజకూ పింజకూ మధ్య సందులో ఉన్న చీకటిని బొగ్గుతో నింపమంటాడు. చుట్టూ నలుపు చేరేకొద్దీ, చెయ్యి తగలకుండా వదిలేసిన కాగితమే మధ్యలో పత్తిగా ఉబ్బుతుంది. వస్తువును వదిలి దాని చుట్టూ ఉన్న చోటును గీయడమనే ఈ పద్ధతి ప్రపంచమంతటా చిత్రకళా పాఠశాలల్లో నేర్పేదే. గుంటూరు, ప్రకాశం పిల్లలకు మాత్రం దానికి వేరే నమూనా వెతకనక్కర్లేదు. చేను పక్కనే ఉంది.

ఈ మాట డ్రాయింగు మాస్టారు చెప్పలేరా? బడిలో ఉంటే తప్పక చెప్పగలరు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో వందమందికి పైగా పిల్లలుంటేనే కళావిద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలి. అంతకన్నా తక్కువుంటే ఆ నిబంధన వర్తించదు. చిన్న ఊళ్ల బడులు ఆ లెక్కకు అందవు. అలాంటిచోట బయటినుంచి వచ్చే చిత్రకారుడే పిల్లలు చూసే మొదటి చిత్రకారుడు. అంతమాత్రాన అతను మాస్టారికి బదులు కాడు. ఈ శిబిరాలను మెచ్చుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని, కానీ వాటిని చూపించి మాస్టారి పోస్టు అక్కర్లేదంటే ఒప్పుకోను. ఇద్దరి పనీ వేరు.

ఆ తేడా ఏమిటంటే, పిల్లలు చూసే బొమ్మలన్నీ పూర్తయినవే. పుస్తకంలోవి అంతే. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన ప్రభుత్వ బడుల మరమ్మతు పథకం నాడు-నేడుతో బడుల గోడల మీదికి బొమ్మలు వచ్చాయి, అవీ అంతే. ఒక పెద్దమనిషి తమ ఎదుట కూర్చుని గీస్తూ, మధ్యలో ఆగి, కళ్లు చిట్లించి చూసి, గీసినదాన్ని చేత్తో తుడిచేసి మళ్లీ గీయడం వాళ్లు ఎన్నడూ చూసి ఉండరు. పత్తి తీయడం ఇంట్లో ఎవరూ పాఠంగా చెప్పరు. తీసేవాళ్ల పక్కన నిలబడితే పట్టుబడుతుంది. బొమ్మ కూడా అలా పట్టుబడే పనేనని పిల్లవాడికి తెలియడం చిత్రకారుడు వచ్చిన ఆ ఒక్క ఉదయంలో జరుగుతుంది.

వయసు సంగతి కూడా చూడాలి. పిల్లల బొమ్మల మీద 1947లో పేరున్న పుస్తకం రాసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్, తొమ్మిది, పన్నెండేళ్ల మధ్య ఒక మలుపును గుర్తించాడు. అంతకుముందు తోచినట్టు గీసిన పిల్లలు అప్పుడు తమ బొమ్మను అసలుతో పోల్చుకోవడం మొదలుపెడతారు. పోలిక రాకపోతే ‘నాకు బొమ్మలు రావు’ అని పెన్సిలు పక్కన పెట్టేస్తారు. చాలామంది జీవితాంతం ఆ మాట మీదే ఉండిపోతారు. అందుకే శిబిరం ఐదు నుంచి ఎనిమిది తరగతులవాళ్లకు అందాలి. ఆ వయసులో కావాల్సింది మెచ్చుకోలు కాదు, పత్తికాయలాంటి ఉపాయం.

కొన్నిసార్లు పిల్లల తప్పు తప్పే కాదు. నాన్న మిరపకాయలు కోస్తున్నట్టూ, అదే నాన్న గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిరప బస్తాలు) దించుతున్నట్టూ ఒకే కాగితం మీద గీస్తే, ఒక మనిషి రెండుచోట్ల ఎలా ఉంటాడని మనం దిద్దబోతాం. కానీ అమరావతి స్తూపం మీది ఒక గుండ్రటి ఫలకంలో నలగిరి అనే మదపుటేనుగు ఒకవైపు వీధిలో మనుషుల్ని తొక్కుతూ ఉంటుంది, మరోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. రెండూ ఒకే ఏనుగు. ఇప్పుడది చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. దాని ఫొటో ఒకటి పట్టుకెళ్లి చూపిస్తే చాలు, ఆ పిల్లవాడు తన కాగితాన్ని దాచుకోడు.

ఇక మిరప. కల్లంలో తాలు కాయలు ఏరడం చూసిన పిల్లలకు ఎరుపులో తేడాలు మనకన్నా బాగా తెలుసు. సన్నటి తేజ ఎరుపు వేరు, ముడతలు పడ్డ బ్యాడిగి ముదురు ఎరుపు వేరు. అయినా క్రేయాన్ల డబ్బాలో ఎరుపు ఒకటే ఉంటుంది కాబట్టి అన్నిటికీ అదే పూస్తారు. ఆ ఎరుపులో కాస్త నీలం, కాస్త గోధుమరంగు కలిపితే ఏమవుతుందో చేసి చూపితే, వాళ్ల కంటికి ముందే తెలిసినది చేతికి వస్తుంది. (మిరపకాయ పట్టుకున్న చేత్తో కళ్లు నులుముకోవద్దని ముందే చెప్పాలి.) రేఖ అభ్యాసానికీ ఎండు మిరపకాయ మంచిదే: కాగితం వంక చూడకుండా, కాయ అంచు వెంట చూపు ఎంత మెల్లగా కదిలితే పెన్సిలు అంత మెల్లగా కదపాలి. మొదటి బొమ్మ వంకరగా వస్తుంది. మూడోదానికి ముడతలు కనబడతాయి.

బయటివాడు వచ్చి మన పిల్లల చేతిని గుర్తించడం మనకు కొత్త కాదు. రాజమహేంద్రవరం ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే కంటపడకపోతే చిత్రకారుడు దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లేవాడా అన్నది అనుమానమే. బందరు జాతీయ కళాశాలకు బెంగాల్ నుంచి ప్రమోదకుమార్ చటోపాధ్యాయ వచ్చి నేర్పితే, అక్కడ కుంచె పట్టినవారిలో అడివి బాపిరాజు ఒకరు. అయితే కూల్డ్రే, చటోపాధ్యాయ వచ్చి ఫొటో దిగి వెళ్లిపోలేదు, ఉన్నారు. మన గుంటూరు జిల్లాలో సంజీవదేవ్ (1914–1999) హిమాలయాలు తిరిగి, రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ దగ్గర గడిపి, చివరికి తుమ్మపూడిలోనే స్థిరపడి రాసుకుంటూ బొమ్మలు వేసుకుంటూ బతికాడు. పల్లె చిత్రకారుడి చిరునామా కావడంలో వింతేమీ లేదు.

ఒక్కరోజు శిబిరం పెట్టి, సాయంత్రం ముగ్గురికి బహుమతులిచ్చి ముగిస్తే మిగిలినవాళ్లకు మిగిలేది ‘నాకు రాదు’ అన్న నిర్ధారణే. పోటీ తీసేయాలి, చిత్రకారుడు మళ్లీ రావాలి. దసరా సెలవుల తర్వాత పత్తి పగిలే రోజుల్లో ఒకసారి, సంక్రాంతి దాటాక కల్లాలు ఎర్రబడినప్పుడు ఒకసారి, బడి తిరిగి తెరిచాక అదే పిల్లల దగ్గరికి మూడోసారి. 2020 జాతీయ విద్యావిధానం ఆరు, ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్లతో, కళాకారులతో గడపమంది; ఆ రోజుల్లో మూడు ఇందుకివ్వొచ్చు. వచ్చేవాడు నగరం నుంచే రానక్కర్లేదు. నరసరావుపేట ప్రాంతంలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి.

ఖర్చు పెద్దదేమీ కాదు. పత్తి కట్టె సన్నటి పుల్లల్ని చిన్న రంధ్రం ఉన్న మూత డబ్బాలో పెట్టి, పెద్దవాళ్లెవరైనా గాలి చొరబడకుండా కాలిస్తే గీసే బొగ్గు తయారవుతుంది. మొదటిరోజు పత్తికాయ బొమ్మలన్నీ తేదీ వేసి మాస్టారు బీరువాలో దాచాలి. మూడోసారి చిత్రకారుడు వచ్చినప్పుడు మొదటిసారి దాచి ఉంచిన పత్తికాయను మళ్లీ గీయించి, అప్పుడు ఎవరి పాత కాగితం వాళ్లకు ఇవ్వాలి.