ఇనుము గల దేశంలో కృతజ్ఞత గల ఇల్లు
ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయం – ఉక్కునగరం కుటుంబాలు

ఉపోద్ఘాతం

మన తెలుగు సంఘాల్లో కృతజ్ఞతా కూడికలకు కొదువ లేదు. పుట్టినరోజుకు, గృహప్రతిష్ఠకు, ఉద్యోగం వచ్చినప్పుడు, ఆపరేషన్ క్షేమంగా జరిగినప్పుడు కాపరిని పిలిచి ప్రార్థన చేయించుకొని, బంధుమిత్రులకు భోజనం పెడతాం. ఇది మంచి ఆచారమే. అయితే షామియానా విప్పిన మరునాడు ఆ ఇంట్లో కృతజ్ఞత ఎక్కడ ఉంటుంది? తెల్లవారకముందే క్యారేజీ కట్టే వేళ, నైట్ షిఫ్టు చేసి వచ్చినవారు నిద్రపోతుంటే పిల్లలను చప్పుడు చేయకుండా బడికి పంపే వేళ, దాని రూపం ఏమిటి? ఉక్కునగరం కుటుంబాలను దృష్టిలో ఉంచుకొని ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయాన్ని చదివి, కృతజ్ఞత అనేది ఇంటిపనికి ముడివేసుకున్న జ్ఞాపకమని ఈ వ్యాసంలో చూపదలచాం.

1. కడుపు నిండిన తరువాత

ఈ అధ్యాయం 7–9 వచనాల్లో మోషే కనాను దేశాన్ని వర్ణిస్తూ నీటి ఊటలు, గోధుమలు, ద్రాక్షలు, దానిమ్మలు, తేనె అని చెప్పుకొంటూ వచ్చి, చివరికి రాళ్లలోని ఇనుమును, కొండల్లోని రాగిని పేర్కొంటాడు. పంట, ఖనిజం రెండూ ఒకే పట్టికలో దేవుని దానాలే. వెంటనే 10వ వచనంలో, తిని తృప్తిపొందిన తరువాత దేవుని స్తుతించాలన్న ఆజ్ఞ వస్తుంది. 12–17 వచనాలు ప్రమాదాన్ని చూపుతాయి: మంచి ఇండ్లు కట్టుకొని స్థిరపడ్డాక మనస్సు గర్వించి, ఇదంతా నా సామర్థ్యమే అనుకోవడం.

అరణ్యంలో ఆకలి సణుగుడు పుట్టించింది. కట్టుకున్న ఇంట్లో తృప్తి మరపును పుట్టిస్తుందని మోషే హెచ్చరిక. 10వ వచనం ఆధారంగానే యూదులు భోజనం ముగిశాక ‘బిర్కత్ హమాజోన్’ అనే స్తుతి ప్రార్థన చేస్తారు. మనం తినకముందు ప్రార్థిస్తాం. తిన్నాక చేయి కడుక్కొని లేచిపోతాం. మోషే భయపడినది సరిగ్గా ఆ లేచిపోయే క్షణం గురించే.

2. ఈ ఇల్లు ఎక్కడి నుండి వచ్చింది?

26వ అధ్యాయంలో ప్రథమఫలాలు తెచ్చినవాడు బుట్టను యాజకునికి అప్పగించి ఊరుకోడు. తన పితరుల చరిత్రను నోటితో చెప్పి, లేవీయునితో, పరదేశితో కలిసి సంతోషించాలి. అంటే కృతజ్ఞతకు ఒక కథ కావాలి. ఆ కథలో ఇతరులు ఉండాలి.

ఉక్కునగరంలో క్వార్టరులో పెరిగే బిడ్డకు మనం ఏ కథ చెబుతున్నాం? 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో కర్మాగారం ప్రకటన వచ్చింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న అది జాతికి అంకితమైంది. ఈ మధ్యకాలంలో 60కి పైగా గ్రామాలవారు పొలాలు, ఇండ్లు వదులుకున్నారు. ఆర్ కార్డు చేతిలో ఉన్నా ఉద్యోగం దక్కని నిర్వాసిత కుటుంబాలు మన చుట్టుపక్కల కాలనీల్లోనే ఉన్నాయి. ఖనిజం బైలదిల్లా కొండల నుండి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీదుగా వస్తుంది; అక్కడ తవ్వేవారి చెమట మన అన్నంలో ఉంది. ప్లాంటులోని మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. పొలాన్ని తలపించే పేర్లను కొలిమికి పెట్టుకున్న ఊరిది. ఈ సంగతులను భోజనం దగ్గర పేరుపెట్టి చెప్పుకోని ఇంట్లో జీతం ‘నా సామర్థ్యం’ అయిపోవడానికి ఎంతో కాలం పట్టదు.

3. పిడికెడు బియ్యం

ఈ జ్ఞాపకాన్ని ఇంటిపనికి ఎలా ముడివేయాలి? మన గ్రామ సంఘాల స్త్రీలు దీనికి ఎప్పుడో జవాబు కనుగొన్నారు. ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం ఆలయానికి తెచ్చేవారు. 1912లో దోర్నకల్ తొలి బిషప్‌గా అభిషేకం పొందిన వి.యస్. అజరయ్య పేద విశ్వాసులకు సైతం ఇవ్వడం నేర్పాలని పట్టుబట్టారు. మిజోరాంలో 1910లో మొదలైన పిడికెడు బియ్యం పద్ధతి నేటికీ అక్కడి సంఘాల సువార్త పనిని పోషిస్తున్నది.

దీని బలం గమనించండి. మనస్సు ఎలా ఉన్నా చేయి ఆ పని చేస్తుంది. కుటుంబం కోసం కొలిచిన దానిలోనుండే తీస్తారు గనుక, మిగిలితే ఇద్దామన్న ఆలోచనకు తావుండదు. లేవీయకాండము 7:15లోని కృతజ్ఞతాబలి మాంసాన్ని ఆ రోజే తినాలి, తెల్లవారేదాకా ఉంచరాదు. కనుక ఒక్క కుటుంబానికి మించినది పదిమందితో పంచుకోక తప్పదు. జీతం బ్యాంకులో పడి, బియ్యం బస్తాలో వచ్చే ఇంట్లోనూ ఈ పిడికెడు సాధ్యమే.

4. తుఫానులో రొట్టె

అయితే కష్టకాలంలో ఏమి బోధించాలి? 2021 జనవరి 27న కేంద్రం కర్మాగారంలో వాటాల పూర్తి ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపినప్పటి నుండి ఈ ఊరి ఇండ్లలో భయం కాపురముంది. 2024లో జీతాలు విడతలుగా అందిన నెలలు గడిచాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించినా ఆందోళన పూర్తిగా తీరలేదు. అలాంటి ఇంటికి వెళ్లి 1 థెస్సలొనీకయులకు 5:18ను చూపి, ఈ కష్టం కోసం కూడా కృతజ్ఞత చెప్పమంటే వాక్యానికీ ఆ ఇంటికీ అన్యాయం చేసినవారమవుతాం. పౌలు అక్కడ అన్ని పరిస్థితుల ‘లో’ అంటున్నాడు. చెడును మంచి అనమనడం లేదు.

అపొస్తలుల కార్యములు 27:35–37 దీనికి చక్కని వ్యాఖ్యానం. పద్నాలుగు రోజులుగా తుఫానులో ఉన్న ఓడలో పౌలు 276 మంది ఎదుట కృతజ్ఞత చెల్లించాడు. దేనికోసం? చేతిలోని రొట్టె కోసం. తుఫానును ఆయన తుఫానుగానే ఎంచాడు. విలాప కీర్తనలు కూడా మొరపెట్టే స్వేచ్ఛను ఇస్తూనే స్తుతికి దారి చూపుతాయి.

5. ఇల్లాలి పట్ల

మరొక జాగ్రత్త అవసరం. అలసిన ఇల్లాలితో ‘ఉన్నదానికి స్తోత్రం చెప్పుకో’ అనడం బోధ కాదు, నోరు మూయించడం. రోమీయులకు 16:3–4లో పౌలు ప్రిస్కకు, అకులకు పేరుపెట్టి కృతజ్ఞత తెలిపాడు. దేవునికి స్తోత్రం చెప్పి మనుష్యులను విస్మరించే భక్తి ఆయనది కాదు.

తెలుగింట్లో ‘కృతజ్ఞతలు’ అంటే పరాయివారితో మాట్లాడినట్టు ఉంటుంది. మన భాషలో దానికి వేరే మాటలున్నాయి: ‘కూర బాగుంది’, ‘నువ్వు తిన్నావా?’, ‘లే, గిన్నెలు నేను కడుగుతాను.’ భర్త నోట, పిల్లల నోట ఈ మాటలు రావడం కూడా శిష్యత్వమే.

ముగింపు

గృహదర్శనానికి వెళ్లే కాపరులు మూడు సంగతులు నేర్పవచ్చు. భోజనం తరువాత కూడా ఒక చిన్న ప్రార్థన. అందులో ఆ అన్నం వెనుక ఉన్న ఒక్కరినైనా పేర్కొనడం. వంట వేళ పిడికెడు బియ్యం. సంఘం దానిని జీతం ఆగిన ఇంటికి, కాంట్రాక్టు పని పోయిన ఇంటికి చేర్చడం. షిఫ్టుల వల్ల అందరూ కలిసే పూట మారుతుంది గనుక, వారానికి ఒక పూటనైనా ముందే నిర్ణయించుకొని కుటుంబంగా కలిసి తినడం. కృతజ్ఞతా కూడికలు సంవత్సరానికి ఒకసారి వస్తాయి. ఎసరు మాత్రం ప్రతిరోజూ పెడతాం. మోషే ఆజ్ఞకు చోటు అక్కడే ఉంది.