ఢిల్లీ లేఖ: మార్కులకు, లక్షలకు మధ్య

ఇక్కడి ఆంధ్ర భవన్ భోజనశాలలో ఈమధ్య ఒక పెద్దమనిషి తారసపడ్డారు. రాయలసీమ రైతు. కుమార్తెకు అఖిల భారత కోటాలో లేడీ హార్డింజ్ వైద్య కళాశాలలో సీటు వచ్చిందట. అమ్మాయిని హాస్టల్లో దిగబెట్టి, తిరుగు రైలుకు ఇంకా వ్యవధి ఉండడంతో భోజనానికి వచ్చారు. "ఇంటర్మీడియట్‌కు కట్టిన దాంట్లో సగం కూడా లేదు సార్ ఇక్కడి ఫీజు" అన్నారు సంతోషంగా. మరుక్షణమే గొంతు తగ్గించి, "మా తమ్ముని కొడుక్కి నలభై మార్కులు తగ్గినాయి. వాణ్ణి ఏడాదికి పన్నెండు లక్షలు అడుగుతాండారు. మూడెకరాలు బేరానికి పెట్టినాడు" అన్నారు.

ఒకే ఇంటి పేరు, ఒకే పరీక్ష, నలభై మార్కుల తేడా. ఒకరికి దాదాపు ఉచితంగా దొరికిన చదువే మరొకరి ఇంట్లో భూమిని అమ్మిస్తున్నది. మన దేశంలో వైద్య విద్య స్వరూపం ఈ రెండు వాక్యాలలోనే ఉన్నది.

2025లో నీట్ పరీక్షకు సుమారు 22 లక్షల మంది హాజరు కాగా, 12 లక్షలకు పైగా అర్హులుగా తేలారు. దేశం మొత్తం మీద ఉన్న ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షా ఇరవై వేల పైచిలుకు. అందులో దాదాపు సగమే ప్రభుత్వ కళాశాలలవి. అర్హుల జాబితాకు, సీట్ల సంఖ్యకు మధ్య ఇంత అంతరం ఎందుకు ఉంచారో ఆలోచిస్తే అసలు రహస్యం బోధపడుతుంది. ప్రభుత్వ సీటుకు అందని విద్యార్థి ఫీజు చూసి వెనుదిరిగితే, ఆ సీటు అతనికన్నా తక్కువ మార్కులు వచ్చి, ఎక్కువ డబ్బున్న వానికి జారుతుంది. పరీక్ష ప్రతిభను కొలుస్తున్న మాట నిజమే. కాని కొలిచిన తరువాత జల్లెడ పట్టేది మాత్రం ధనమే.

ఈ సమస్య నేటిది కాదు. 1992లో మీరట్‌కు చెందిన మోహినీ జైన్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు, కర్ణాటకలోని ప్రైవేటు వైద్య కళాశాలల్లో ప్రభుత్వ సీటుకు ఏడాదికి 2 వేల రూపాయలు, పరరాష్ట్ర విద్యార్థికి 60 వేలు. ఆ వ్యత్యాసానికే న్యాయమూర్తులు నివ్వెరపోయి, కాపిటేషన్ ఫీజు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. మరుసటి సంవత్సరం మన రాష్ట్రం నుండి వెళ్లిన ఉన్నికృష్ణన్ కేసులో, ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలల్లో సగం సీట్లు ప్రతిభ ప్రాతిపదికపై ప్రభుత్వ ఫీజుకే ఇవ్వాలన్నారు. 2002లో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం టి.ఎం.ఏ. పాయ్ కేసులో ఆ పథకాన్ని తోసిపుచ్చింది. అప్పటి నుండి ఫీజుల నిర్ణయం కమిటీలకు, ఉత్తర్వులకు, వ్యాజ్యాలకు మధ్య ఊగిసలాడుతూనే ఉన్నది.

తెలుగువారికి ఈ చరిత్రలో ప్రత్యేక స్థానమే ఉన్నది. కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1983లోనే చట్టం చేసిన రాష్ట్రం మనది. 1992లో ప్రైవేటు వైద్య కళాశాలల అనుమతుల వివాదం నేదురుమల్లి జనార్దనరెడ్డి ముఖ్యమంత్రి పదవినే బలిగొన్నది. అటువంటి రాష్ట్రంలోనే 2017లో ప్రైవేటు వైద్య కళాశాలల ట్యూషన్ ఫీజును ఏడాదికి 24 లక్షల రూపాయలకు పెంచుతూ ప్రభుత్వమే ఉత్తర్వు జారీ చేసింది. హైకోర్టు దానిని కొట్టివేయగా, 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. విద్య లాభాపేక్షతో నడిపే వ్యాపారం కాదనీ, ఫీజు అందుబాటులో ఉండాలనీ స్పష్టం చేసింది.

ఆ తీర్పు వెలువడి ఏడాది తిరగక ముందే, 2023లో, ఆంధ్రప్రదేశ్‌లో కొత్తగా తెరచిన 5 ప్రభుత్వ వైద్య కళాశాలల్లోనే కొన్ని సీట్లకు ఏడాదికి 12 లక్షలు, ప్రవాసుల కోటాకు 20 లక్షలు నిర్ణయించారు. 2024లో ప్రభుత్వం మారింది. 2025లో కొత్త ప్రభుత్వం మరో 10 కళాశాలలను ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పగించాలని నిశ్చయించింది. పార్టీలు ఒకరినొకరు నిందించుకోవడానికి ఇందులో కావలసినంత సామగ్రి ఉన్నది. ఖజానాలో డబ్బు లేదన్న సాకు మాత్రం ఇద్దరిదీ ఒక్కటే.

ఇక కేంద్రం సంగతి. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం, ప్రైవేటు కళాశాలల్లోను, డీమ్డ్ విశ్వవిద్యాలయాల్లోను సగం సీట్ల ఫీజులకు మార్గదర్శకాలు రూపొందించే బాధ్యతను కమిషన్‌కు అప్పగించింది. 2022 ఫిబ్రవరి 3న వెలువడిన మెమోలో, ఆ సగం సీట్ల ఫీజు ఆయా రాష్ట్రాల ప్రభుత్వ కళాశాలల ఫీజుతో సమానంగా ఉండాలని కమిషన్ సూచించింది. అది యథాతథంగా అమలై ఉంటే మన రైతు తమ్ముడు మూడెకరాలు బేరానికి పెట్టవలసిన అగత్యం బహుశా ఉండేది కాదు. రాష్ట్రాలు, యాజమాన్యాలు, న్యాయస్థానాల నడుమ ఆ సూచన చాలాచోట్ల కాగితంపైనే నిలిచిపోయింది.

ఉపకార వేతనాల మాటేమిటి? ఇంటర్మీడియట్‌లో అగ్రశ్రేణిలో నిలిచిన పేద విద్యార్థులకు కేంద్రం ఇచ్చే ప్రతిభా వేతనం మొదటి మూడేళ్లు ఏడాదికి 12 వేల రూపాయలు. ప్రభుత్వ కళాశాల విద్యార్థికి అది పుస్తకాలకు, భోజనానికి ఆసరా అవుతుంది. 12 లక్షల ఫీజు ముందు అది నూటికి ఒక్క రూపాయి. 2024 నవంబరులో ఆమోదించిన విద్యాలక్ష్మి పథకం కింద 8 లక్షల లోపు ఆదాయం గల కుటుంబాలకు 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉన్నది. అదీ ఎంపిక చేసిన ఉన్నత శ్రేణి సంస్థల్లో చేరినవారికే. ఏడాదికి 12 లక్షల చొప్పున నాలుగున్నరేళ్ల కోర్సుకు 54 లక్షలు కావలసిన ఇంటికి ఈ రాయితీ ఏ మూలకు? మరి, అప్పుకు ఉపకార వేతనమని పేరు పెట్టడం సబబేనా?

ఈ లెక్కలే మన పిల్లలను పరదేశాలకు తరిమాయి. 2022లో యుద్ధం వచ్చి ఉక్రెయిన్ నుండి వేలాది వైద్య విద్యార్థులు తిరిగి వచ్చినప్పుడు, ఇంతమంది అక్కడికి ఎందుకు వెళ్లారని ఢిల్లీ ఆశ్చర్యపోయింది. వారి తల్లిదండ్రులకు ఆ ఆశ్చర్యం లేదు.

మార్గం లేదా? పొరుగున తమిళనాడు ఒక దారి చూపింది. 2020లో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు వైద్య సీట్లలో 7.5 శాతం కేటాయించి, వారి ఫీజును ప్రభుత్వమే భరించ నిశ్చయించింది. సీటును, ఫీజును కలిపి ఇచ్చినప్పుడే ఉపకార వేతనానికి అర్థం.

అంతవరకు విద్యార్థి చేయవలసినది తన దారి తాను చూసుకోవడమే. రాష్ట్ర కోటాతో పాటు 15 శాతం అఖిల భారత కోటాకు, మంగళగిరి, బీబీనగర్ మొదలైన ఎయిమ్స్ సంస్థలకు, పుదుచ్చేరి జిప్‌మర్‌కు తప్పక ఐచ్ఛికాలు ఇవ్వాలి. పుణె సైనిక వైద్య కళాశాలలో ట్యూషన్ ఫీజు లేదు, అయితే చదువు ముగిశాక సైన్యంలో సేవ చేయవలసి ఉంటుంది. ప్రైవేటు కళాశాల అయితే మొదటి ఏడాది ఫీజు చూసి మోసపోక, హాస్టలు, ఇతర రుసుములతో సహా కోర్సు మొత్తానికి అయ్యే ఖర్చును లిఖితపూర్వకంగా అడగాలి.

ఆ రైతు భోజనం ముగించి లేచారు. పార్లమెంటులో దీన్ని ఎవరైనా అడుగుతారా అని పోతూ పోతూ ప్రశ్నించారు. అడుగుతూనే ఉన్నారన్నాను. జవాబులు కూడా వస్తూనే ఉన్నాయి. అయితే ఆయన తమ్ముని గడువు పార్లమెంటు సమావేశాలతో ముడిపడి లేదు. రెండవ విడత కౌన్సెలింగ్ నాటికి డబ్బు కట్టాలి.