ఆరని డబ్బా

అనంతపురం పీఠభూమిపై సాలుకు కురియు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లే. అట్టి సీమలో టెలివిజన్‌కును నీటికిని సంబంధమేమి?

రిమోటుతో ఆర్పినను టెలివిజన్ దాని సంజ్ఞకై మేల్కొనియే యుండును. అయినను క్రొత్త టెలివిజన్లు అప్పుడు వాడునది సాధారణముగా ఒక వాటు లోపే. అసలు దోషి ప్రక్కనున్న సెట్‌టాప్ బాక్సు. దాని దీపము ఎఱ్ఱబడినను లోపలి భాగములు పనిచేయుచునే యుండుటచే, పెక్కు బాక్సులు ఆడునప్పటి విద్యుత్తునే ఇంచుమించుగా గ్రహించును. 10 వాట్ల బాక్సు, ఎవరును చూడని 18 గంటలలో 180 వాట్-గంటలు, 30 దినములలో 5.4 యూనిట్లు వ్యర్థపఱచును.

పగలు ఎన్.పి. కుంట సౌరఫలకములు విద్యుత్తు నిచ్చును. ప్రొద్దు క్రుంకిన పిదప ఈయలేవు. అప్పుడు భారము ముద్దనూరు చెంతనున్న రాయలసీమ తాప విద్యుత్కేంద్రము వంటి బొగ్గు కేంద్రములపై పడును. అచ్చట ఆవిరిని చల్లార్చుటకు నీరు కావలెను. పాత కేంద్రములకు కేంద్ర ప్రభుత్వము 2015లో విధించిన పరిమితి యూనిట్‌కు 3.5 లీటర్లు. పై 5.4 యూనిట్లును బొగ్గునుండియే వచ్చినచో అది 19 లీటర్లు, బిందెడుకు పైమాటే!

గోడమీట నార్పిన చాలును. బాక్సు మరల మేల్కొనుటకు ఒకటి రెండు నిమిషములు పట్టును. ఆ జాప్యమునకు వెఱచియే జనులు మీటను ముట్టరు. విద్యార్థులు ఇంటిలో తక్కినవన్నియు ఆర్పి, బాక్సు నొక్కదానిని ఉంచి మీటరును చూడవచ్చును. దానిపై యూనిట్‌కు 3200 ఇంపల్సులని వ్రాసియున్నచో, 10 వాట్లకు చిన్న దీపము గంటకు 32 మార్లు మిణుకును.